ఎవరూ వేయని మార్కు

లియుకో దీవి బడిలో వేసిన మార్కులను యూనివర్సిటీ నమ్మదు. పట్నం బడిలో ఏడుకి ఆరొస్తే పిల్లల తెలివి అంటారు. దీవి బడిలో ఆరొస్తే టీచరు జాలి అంటారు. ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. కాదని నిరూపించబోయింది నెలిదా ఒహేదా ఒక్కతే. ఆమె ఇప్పుడు లేదు.

అక్టోబరు నెల. మంగళవారం ఉదయం 7:20.

వాల్దీవియా పట్నంలో వాన పడుతోంది. అడ్మిషన్ల ఆఫీసు వాచ్‌మన్ త్రాన్సితో బాయిలర్ వెలిగించడానికి సెల్లార్ తలుపు తీశాడు. మెట్ల అడుగున నెలిదా పడి ఉంది. వయసు ముప్ఫై నాలుగు. ఆ ఆఫీసులో లెక్కలు కట్టే ఉద్యోగం. ఒక బూటు మూడో మెట్టు మీద ఉంది. రెండోది కాలికే ఉంది.

7:55కి ఇన్‌స్పెక్టర్ ఒనోఫ్రే బర్రియా వచ్చాడు. యాభై ఆరేళ్ల మనిషి. తడిసిన కోటు విప్పలేదు. వెనకాల సబ్-ఇన్‌స్పెక్టర్ మారిత్సా తొలేదో.

డాక్టర్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు పోయింది?"

"నిన్న సాయంత్రం ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య."

"పడగానే పోయిందా?"

డాక్టర్ తల ఎత్తలేదు. "లేదు. గోడ మీద గోళ్ల గీతలు చూడండి. అరగంట పైనే బతికి ఉంది. ఎవరైనా అంబులెన్సు పిలిచి ఉంటే బతికేది."

"జారి పడిందా?"

"కుడి మణికట్టు మీద వేళ్ల గుర్తులున్నాయి. జారినవాళ్లకి అవి ఉండవు."

బర్రియా మెట్లెక్కి పైకి వెళ్లాడు.

నెలిదా బల్ల మీద కాగితాలు సర్ది ఉన్నాయి. పైన ఒకే ఒక షీటు. లియుకో దీవి బడి, నిరుడు ఆఖరి తరగతి, లెక్కల సబ్జెక్టు, ఏడాది మార్కులు. ఇరవై మూడు పేర్లు. కింద టీచరు సంతకం.

ఎదెల్మీరా విదాల్.

బర్రియా ఆ సంతకం వైపు చాలాసేపు చూశాడు. మారిత్సా కూడా చూసింది. గొంతు తగ్గించింది.

"సార్, ఈ కేసు ఇంకెవరికైనా ఇద్దామా?"

"ఎవరికి? ఇన్‌స్పెక్టర్ పిన్యేదాకా? వాడు గురువారం దాకా బూట్లు తుడుచుకుంటూ కూర్చుంటాడు."

"మేడమ్ పేరు ఉంది కదా సార్."

"ఉంటే? నా పేరు కాదుగా. వీళ్లెవరికీ తెలీదు. నువ్వు నోరు మూసుకో, చాలు."

ఎదెల్మీరా అతని భార్య. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు, ఆ దేశంలో ఎవరూ మార్చుకోరు. పదకొండేళ్లు ఆమె దీవిలో, అతను పట్నంలో. నెలకు రెండు ఆదివారాలు కాపురం. జూలైలో పోయింది. దీవి స్మశానానికి పడవలో వచ్చినవాళ్లలో మారిత్సా ఒకతె.

*

డైరెక్టర్ రొసాలియా ష్వెంకే గదిలో పొయ్యి రాజుకుంటోంది. అరవై దగ్గర పడ్డ మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ షీటు ఏంటి మేడమ్?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. ఇది నిజమైతే మా కొంప మునిగినట్టే."

"మొదట్నుంచీ చెప్పండి."

ఆమె చెప్పింది. యూనివర్సిటీలో సీటు రావాలంటే దేశమంతా రాసే ప్రవేశ పరీక్ష ముఖ్యం. బడి మార్కులకు విలువ తక్కువ. అయిదేళ్ల క్రితం నలభై సీట్లు విడిగా పెట్టారు. పల్లె బడుల్లో, దీవుల్లో క్లాసు ఫస్టు వచ్చినవాళ్లకు. పరీక్షలో ఎంతొచ్చినా సరే. ఆ సీట్లు ఉంచాలా తీసేయాలా అన్నది కౌన్సిల్ తేల్చాలి. గురువారం పన్నెండు గంటలకు ఓటు.

"నెలిదా ఏం చేస్తోంది?"

"అయిదేళ్ల లెక్క తీసింది. ప్రవేశ పరీక్షలో ఒకే స్కోరు వచ్చిన ఇద్దర్ని తీసుకోండి. ఒకడు పట్నం వాడు, ఒకడు మా నలభై సీట్లలో వచ్చినవాడు. పట్నం పిల్లల్లో నూటికి నలభై ఎనిమిది మంది మొదటి ఏడాది గట్టెక్కారు. ఈ సీట్ల పిల్లల్లో డెబ్బై ఒక్కమంది. కాలేజీలో ఎవడు నిలబడతాడో పరీక్ష చెప్పలేదు, బడి మార్కే చెప్పింది. అదీ ఆవిడ రిపోర్టు."

"మరి ఈ షీటు?"

"ఇందులో ఉన్న మార్కులు వేరు, ఆ బడి మాకు పంపిన సర్టిఫికెట్లలో మార్కులు వేరు. సర్టిఫికెట్లలో అన్నీ ఎక్కువ. అంటే ఆ టీచరు పెంచి పంపింది. మార్కులే అబద్ధమైతే రిపోర్టూ అబద్ధమే."

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"అబద్ధం అని నేను ఏడాది నుంచీ చెప్తున్నాను."

లోపలికి వచ్చినవాడు గాస్పర్ లీరా. విశ్లేషణ విభాగం హెడ్. వయసు ముప్ఫై తొమ్మిది. అతని గదిలో గోడకు ఫ్రేము కట్టిన పాత పేపరు కటింగ్ ఉంది. పద్దెనిమిదేళ్లప్పుడు ప్రవేశ పరీక్ష లెక్కల్లో 850కి 850. ఫోటోలో అమ్మ పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"పాపం నెలిదా. మోసపోయానని తెలిసి తట్టుకోలేకపోయింది. అంతే ఇన్‌స్పెక్టర్ గారూ. ఇందులో పోలీసులకి పనేం లేదు."

"మణికట్టు కూడా తట్టుకోలేకపోయిందా?"

లీరా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బర్రియా షీటు చూపించాడు. "మీరు చదివి చెప్పండి. నాకు లెక్కలు రావు."

"చాలా తేలిక. ఏడుకి మార్కులు. నాలుగొస్తే పాస్. సర్టిఫికెట్లో 6.4 ఉన్న పిల్లకి ఇక్కడ 5.8. 5.2 ఉన్నవాడికి 4.5. ఇదిగో ఈ నలుగురు. సర్టిఫికెట్లో 4.5, 4.6, 4.7, 4.8. పాస్. ఇక్కడేమో నలుగురికీ 3.9. ఫెయిల్. పల్లెటూరి పంతులమ్మ ఏం చేసిందో అర్థమైందా? దయాదాక్షిణ్యం."

బర్రియా షీటు వెనక్కి తీసుకున్నాడు.

"బడికి ఫోన్ చేసి అసలు రిజిస్టర్ అడగొచ్చుగా?"

"అడగండి. పెంచిన మార్కులున్న రిజిస్టరే చదువుతారు. రెండు రిజిస్టర్లు పెట్టుకున్నవాళ్లు ఏది చూపిస్తారు?"

"నిన్న సాయంత్రం మీరెక్కడ?"

"ఆన్‌లైన్ క్లాసు. 7:15 నుంచి 8:30 దాకా. నా గదిలోంచే. పద్దెనిమిది మంది సాక్షులు. రికార్డింగ్ కూడా ఉంది."

*

వాచ్‌మన్ త్రాన్సితో రాకపోకల పుస్తకం తెరిచాడు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.

"లీరా గారు రాత్రి 8:55కి వెళ్లారు. డైరెక్టరమ్మ 8:50కి. కింద లైబ్రరీ తొమ్మిదికి మూశాను. ఆఖర్న బయటికొచ్చింది ఆ దీవి పిల్ల, యానెత్. నెలిదా అమ్మ ముందే వెళ్లిపోయిందనుకున్నాను."

"నెలిదా దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"ఆ పిల్లే వచ్చింది. ఆరున్నరకి. అరుపులు వినిపించాయి. 'నేను దొంగని కాదు' అని."

"నువ్వు పైకి వెళ్లలేదా?"

"అయ్యా, నా మోకాళ్లకి డెబ్బై ఏళ్లు. ఎవరో అరిచినప్పుడల్లా మెట్లెక్కితే నన్నే మెట్ల కింద వెతుక్కోవాలి."

మారిత్సా ప్రింటర్ దగ్గర నుంచి వచ్చింది. "సార్. ఆ షీటు ప్రింటయిన టైము 8:41. నెలిదా కోడ్ మీద."

"అప్పటికి నెలిదా బతికి లేదు."

"అవును సార్."

"ఆ కోడ్ ఎవరికి తెలుసు?"

"అందరికీ. ప్రింటర్ మీదే చీటీ అంటించి పెట్టారు."

అంటే 8:41కి భవనంలో ఉన్నవాళ్లు నలుగురు. వాచ్‌మన్ మోకాళ్లను వదిలేస్తే ముగ్గురు.

*

యానెత్ మాన్సిల్యాకు పందొమ్మిదేళ్లు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. కుర్చీ అంచు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో బిగించి ఉన్నాయి.

"ఎందుకు అరిచావ్?"

"నా పాత నోటు పుస్తకాలు తెమ్మంది. పరీక్ష పేపర్లు కూడా. ఎందుకంటే చెప్పలేదు. కాపీ కొట్టానని అనుమానిస్తోందనుకున్నా."

"తర్వాత?"

"తర్వాత చెప్పింది. మా టీచరమ్మ వేసిన మార్కులు నిజమని చూపించడానికట. ఏడుపొచ్చింది. సారీ చెప్పి లైబ్రరీకి పోయాను. ఏడు కూడా కాలేదు."

"ప్రవేశ పరీక్షలో నీకెంత?"

"850కి 512."

"ఇక్కడెలా చదువుతున్నావ్?"

"కాలిక్యులస్‌లో క్లాసులో రెండో ర్యాంకు." ఆమె తలెత్తింది. "మాకు ప్రవేశ పరీక్ష కోచింగ్ ఎక్కడిది సార్? వాళ్లు రెండేళ్లు శనివారాలు అదే పని. మేం శనివారం సముద్రంలో నాచు ఏరుతాం."

"మీ లెక్కల టీచరు ఎలాంటిది?"

"మహా చండశాసనురాలు. మా నాన్న బతిమాలినా అర మార్కు వేయలేదు." కళ్లు తుడుచుకుంది. "మా చెల్లి ఈ ఏడాది ఆఖరి తరగతిలో ఫస్టు సార్. ఆ సీట్లు తీసేస్తే సాల్మన్ ఫ్యాక్టరీకే పోవాలి. చేపలు కోయడానికి. ఆ షీటు నిజం అంటున్నారందరూ. నిజం కాదు సార్. టీచరమ్మ చచ్చిపోయింది, లేకపోతే ఆవిడే వచ్చి వీళ్ల చెంప పగలగొట్టేది."

"కొట్టేదే," అన్నాడు బర్రియా.

మధ్యాహ్నం మూడింటికి దీవికి ఫోన్ చేశాడు. హెడ్మాస్టర్ ఎత్తాడు. రిజిస్టర్ బీరువాలో ఉందట. గాలి ఎక్కువగా ఉంది, రేవు మూసేశారు, శుక్రవారం దాకా పడవ లేదు.

ఓటు గురువారం.

సాయంత్రం అయిదున్నరకి ప్రాసిక్యూటర్ ఫోన్ చేశాడు. "ఆ దీవి పిల్లని లోపల వేసేయండి. గొడవ పడింది, భవనంలో ఉంది, సీటు పోతుందన్న భయం ఉంది. ఇంకేం కావాలి?"

"సీటు పోతుందన్న భయం ఉన్న పిల్ల, తన బడినే ముంచే షీటు ఎందుకు ప్రింట్ చేస్తుంది?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"బుధవారం సాయంత్రం దాకా టైమిస్తాను, బర్రియా."

ఇంటికి వెళ్లాడు. మాతే టీ కోసం నీళ్లు పెట్టాడు. ఒక్కడికే. షీటు కాపీ బల్ల మీద పరిచాడు. ఇరవై మూడు మార్కులు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాడు. పెంపు అన్నిచోట్లా ఒకేలా లేదు. ఒకచోట 0.6, ఒకచోట 0.9. చేసినవాడు తెలివైనవాడు.

వేలు ఒకచోట ఆగింది. మళ్లీ ఇంకోచోట. మొత్తం నాలుగు చోట్ల.

కెటిల్ ఈల వేసింది. స్టవ్ ఆపాడు. మాతే తాగలేదు. మారిత్సాకు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున లీరా క్లాసు రికార్డింగ్ సంపాదించు. ఆయన్ని అడక్కు. పిల్లల దగ్గర తీసుకో. మొత్తం విను. మాటలు కాదు, మాటల్లేని చోట విను."

*

బుధవారం సాయంత్రం 4:00. డైరెక్టర్ గది.

రొసాలియా, లీరా, యానెత్. ముగ్గురి ముందూ ఒక కాగితం, ఒక పెన్సిలు. తలుపు దగ్గర కానిస్టేబుల్. మారిత్సా లేదు.

"ఏంటిది, ప్రవేశ పరీక్షా?" అన్నాడు లీరా.

"అవును. ఒకటే ప్రశ్న. మీరంతా పల్లె బడిలో టీచర్లు అనుకోండి. ఒక కుర్రాడు. ఏడాదంతా ఆరు పరీక్షలు రాశాడు. 3.2, 4.5, 4.1, 3.6, 4.3, 3.7. సగటు కట్టండి. ఏడాది చివర రిజిస్టర్లో ఏం వేస్తారో రాయండి. పక్కవాళ్ల కాగితం చూడకండి."

"ఇదేం పిచ్చి—"

"రాయండి సార్. మీకు 850కి 850 కదా."

లీరా పది సెకన్లలో రాశాడు. యానెత్ పెదవులు కదుపుతూ కూడింది. రొసాలియా అందరికన్నా చివర పెన్సిలు పెట్టింది.

బర్రియా కాగితాలు తీసుకున్నాడు. ఒక్కొక్కటీ బల్ల మీద తిప్పి పెట్టాడు.

రొసాలియా: 4.0.

యానెత్: 4.0.

లీరా: 3.9.

"నాదొక్కటే కరెక్టు," అన్నాడు లీరా. "మొత్తం 23.4. ఆరుతో భాగిస్తే సరిగ్గా 3.9. వీళ్లిద్దరికీ కూడికలు రావా?"

"మేడమ్, మీరు నాలుగెందుకు వేశారు?"

రొసాలియా తడబడింది. "సగటు 3.9 అని తెలుసు. కానీ... ఎవరూ అలా వేయరు కదా. నేను ఎనిమిదేళ్లు పల్లెలో పనిచేశాను. ఏడాది చివర 3.9 వేస్తే పిల్లవాడు ఒక్క పదో వంతుతో పోతాడు. వాళ్ల అమ్మ గుమ్మంలో కూర్చుంటుంది. ఇన్‌స్పెక్షన్ వాళ్లు ఎందుకని అడుగుతారు. అందుకే నాలుగు చేస్తాం. రూలు పుస్తకాల్లో కూడా రాసుకున్నాం."

"వాడు పాసవకూడదని టీచరు అనుకుంటే?"

"3.8కి దించుతారు. పైకైనా, కిందికైనా. 3.9 మాత్రం ఉంచరు."

"నువ్వు చెప్పమ్మా."

"మా క్లాసులో అందరికీ తెలుసు సార్," అంది యానెత్. "3.9 అనే మార్కు లేదు."

బర్రియా షీటు తీసి లీరా ముందు పెట్టాడు.

"ఇందులో నాలుగున్నాయి. ఇరవై మూడు మంది క్లాసులో నాలుగు. ఈ దేశంలో ఏ పల్లె టీచరూ జీవితంలో ఒక్కటి కూడా వేయదు. ఇది టీచరు రాసిన షీటు కాదు. సర్టిఫికెట్ మార్కుల్లోంచి కంప్యూటర్ మీద తీసేసి చేసిన షీటు. చేసినవాడు తేడాలు మార్చి మార్చి పెట్టాడు, దొరక్కూడదని. తెలివే. కానీ నాలుగు అనే పాస్ గీత దగ్గర ఏం జరుగుతుందో వాడికి తెలీదు."

"ఇది సాక్ష్యమా?" లీరా గొంతు పెరిగింది. "నాకు తెలీకపోతే నేరస్థుణ్ణా?"

"తెలియాల్సిన అవసరం మీకెప్పుడూ రాలేదు. బడిలో మీ తక్కువ మార్కు ఎంత?"

లీరా పెన్సిలు తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్తాను. మీ ఫైలు చూశాను. 6.3. ఆ గీత ఛాయలకి కూడా మీరెప్పుడూ రాలేదు. నేను దాని మీదే బతికాను. నా సగటు 3.9. మా పంతులు 3.8 వేశాడు. ఏడాది పోయింది. మా నాన్న పడవెక్కించాడు. అందుకే ఆ అంకె నాకు కనిపించింది. మీకు కనిపించలేదు."

4:25. మారిత్సా తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ప్రాసిక్యూటర్ ఆర్డరు.

"లీరా గారి కంప్యూటర్లో ఫైలు దొరికింది సార్. సోమవారం 8:22కి సేవ్ చేశారు. టీచరు సంతకం పాత సర్టిఫికెట్ మీదనుంచి స్కాన్ చేశారు. రికార్డింగ్‌లో 8:08కి 'ఈ లెక్క చేస్తూ ఉండండి' అన్నారు. తర్వాత పదిహేడు నిమిషాలు మాటల్లేవు. కీబోర్డ్ చప్పుడే."

"ఏ లెక్క ఇచ్చాడు?"

"సంభావ్యత సార్."

లీరా కుర్చీలో కుంగిపోయాడు. నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నా ఫార్ములా మూడు యూనివర్సిటీలు వాడుతున్నాయి. సీటు ఇవ్వడానికి పరీక్ష స్కోరు ఎనభై శాతం లెక్క. వచ్చే నెల మంత్రిత్వశాఖ తీసుకునేది. నెలిదా ఏడు గంటలకి పాత ఫైళ్ల కోసం సెల్లార్‌కి దిగుతుంటే వెంట వెళ్లాను. రిపోర్టు కౌన్సిల్‌కి పంపొద్దన్నాను. పంపేశానంది. 'నువ్వు పదేళ్లుగా కోచింగ్ కొలుస్తున్నావు గాస్పర్, బుర్ర కాదు' అంది. చెయ్యి పట్టుకున్నాను. లాక్కుంది. వదిలేశాను. అంతే. వదిలేశాను."

"వదిలేశాక?"

"కదల్లేదు. పోయిందనుకున్నాను."

"చూశారా?"

లీరా కళ్లు మూసుకున్నాడు.

"పోలేదు. గోడ గోకింది. మీరు పైకెళ్లి పద్దెనిమిది మంది హాజరు తీసుకున్నారు. మీరు లెక్క చెప్తున్నప్పుడు ఆమె బతికే ఉంది."

యానెత్ గట్టిగా ఏడ్చింది. రొసాలియా లేచి కిటికీ వైపు తిరిగింది. కానిస్టేబుల్ సంకెళ్లు తీశాడు.

గుమ్మం దగ్గర లీరా ఆగాడు. "ఆ టీచరు ఎవరో మీకు తెలుసా? మీకింత పట్టుదల ఎందుకని..."

"నడువు," అన్నాడు బర్రియా.

*

గురువారం పన్నెండు గంటలకు కౌన్సిల్ కూర్చుంది. బర్రియాను పిలిచి షీటు గురించి అడిగారు. ఎనిమిది నిమిషాలు నిలబడి చెప్పాడు. దొంగ షీటు అన్నాడు. సర్టిఫికెట్లు నిజమన్నాడు. ధన్యవాదాలు చెప్పి బయట కూర్చోమన్నారు.

1:10కి తీర్మానం వచ్చింది. రిపోర్టు రాసిన మనిషి బతికి లేదు కాబట్టి దాన్ని పరిశీలించడం కుదరదు. విభాగం హెడ్ అరెస్టయ్యాడు కాబట్టి విచారణ వేయాలి. విచారణ పూర్తయ్యే దాకా నలభై సీట్లు నిలిపివేత. ఈ ఏడాది ప్రవేశం పరీక్ష స్కోరు మీదే.

శుక్రవారం రేవు తెరిచారు. హెడ్మాస్టర్ రిజిస్టరు పంపాడు. ప్రతి మార్కూ సర్టిఫికెట్‌తో సరిపోయింది. అప్పటికి దాన్ని ఎవరూ అడగడం లేదు.

మార్చిలో యానెత్ రెండో సంవత్సరంలోకి వెళ్లింది. చెల్లెలు సాల్మన్ ఫ్యాక్టరీలో చేరింది.

ఏప్రిల్‌లో రొసాలియా పోలీస్ స్టేషన్‌కి వచ్చింది. గొడుగు బయట పెట్టి కుర్చీలో కూర్చుంది.

"విచారణ కమిటీ వచ్చే వారం కూర్చుంటుంది ఇన్‌స్పెక్టర్ గారూ. మీరొచ్చి ఆ బడి మార్కులు నిజమని ఇంకోసారి చెప్పాలి. వాళ్లు మీ మాట వింటారు."

"అక్టోబరులో విన్నారు."

"ఈసారి వేరే సభ్యులు."

"మళ్లీ వేరే సభ్యులొస్తారు. మళ్లీ రమ్మంటారు."

"ఆ టీచరు పేరు నిలబెట్టడానికైనా..."

మారిత్సా చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసింది. ఆయన వైపు చూడలేదు.

బర్రియా లేచాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఒకసారి చెప్పాను మేడమ్. ఒక మనిషి చచ్చాక చెప్పాను, అయినా సీట్లు ఆపేశారు. ఇక మీదట ఈ మాట నన్ను కమిటీ అడిగినా, కోర్టు అడిగినా, దేవుడు అడిగినా చెప్పను. వానగా ఉంది. జాగ్రత్తగా వెళ్లండి."